రాగి మెలిక

తన ముందు దొర్లుకుంటూ పోతున్న చక్రాన్ని చూసి డ్రైవరు మొదట జాలిపడ్డాడు. "అయ్యో పాపం, ఎవడిదో ఊడిపోయింది చూడండి" అని వ్యానులో ఉన్న మిల్లు పనివాళ్లకి చూపించాడు కూడా. ఆ మాట పూర్తికాకముందే వ్యాను ఎడమపక్కకి కుంగింది. కింద ఇనుము రోడ్డును గీరుకుంటూ నిప్పురవ్వలు చిమ్మింది. ఊడిపోయింది తన చక్రమేనని అప్పుడు తెలిసింది అతనికి. ఆ చక్రం మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. మలుపుదాకా పోయి, సైకిలు మీద ఎదురొస్తున్న పాలతన్ని గుద్ది, అతని కాలు విరగ్గొట్టి, ఆ తర్వాత తీరిగ్గా పక్కకి పడుకుంది.

ఇంటికొచ్చి భార్యకి ఈ సంగతి చెబుతూ అతను రెండుసార్లు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మంచం పట్టె మీద కూర్చుని, స్టీరింగు ఇంకా చేతుల్లోనే ఉన్నట్టు పిడికిళ్లు బిగించుకున్నాడు.

"నా చక్రాన్ని చూసి నేనే జాలిపడ్డానే! ఇన్నేళ్లు బండి నడిపిన మొహం ఇదీ. కానీ నట్టు నేను ముట్టుకోలేదు. మొన్న పంక్చరైనప్పుడు కూడా పక్క బోల్టులే విప్పాను తప్ప నడిమి నట్టు జోలికి పోలేదు. ఎందుకు పోతాను చెప్పు?"

"మీరు ముట్టుకోలేదని నాకు తెలుసు. ముందు ఈ నీళ్లు తాగండి."

"నీకు తెలిస్తే ఏం లాభం? లైసెన్సు ఆయన సంచిలో ఉంది."

ఆయన అంటే తనిఖీ అధికారి. రోడ్డు మీదికే వచ్చి, ఒరిగిన వ్యానును చుట్టూ తిరిగి చూసి, బండి యజమాని చెప్పింది విన్నాడు. యజమాని ఒక్కటే పాట పాడాడు: డ్రైవరు దార్లో ఏదో కెలికి ఉంటాడు, సరిగ్గా బిగించడం మరిచిపోయి ఉంటాడు, అంతా నిర్లక్ష్యం. అధికారి తల ఊపి, లైసెన్సు తీసుకుని సంచిలో వేసుకున్నాడు. ఎల్లుండి వచ్చి ఇరుసు చూస్తాననీ, తప్పు డ్రైవరుదని తేలితే ఇక జన్మలో స్టీరింగు పట్టుకోనవసరం లేదనీ చెప్పి వెళ్లిపోయాడు. వ్యానును లాక్కెళ్లి, ఎప్పుడూ మరమ్మతు చేయించే షెడ్డులోనే పెట్టారు. ఆ షెడ్డు డ్రైవరు భార్య అన్నగారిది.

ఆవిడా అక్కడే పనిచేస్తుంది. అన్నగారిని అందరూ మేస్త్రి అంటారు, ఆవిడని ఆకురాయమ్మ అంటారు. బోల్టుల మీదా ఇరుసుల మీదా చెడిపోయిన మరలను ఆకురాయితో రాకి మళ్లీ నట్టు ఎక్కేలా చెయ్యడం ఆవిడ పని. ఎడంచేతి వాటం మనిషి. బడిలో అయ్యవారు బెత్తం పుచ్చుకుని రాసే చెయ్యి మార్పించగలిగారు గానీ పని చేసే చేతిని మార్చడం ఎవరి తరమూ కాలేదు. "దాని చేతి జోలికి రాకండి" అని అప్పట్లో అయ్యవారికే ఎదురు తిరిగినవాడు అన్నయ్య. తర్వాత షెడ్డు పెట్టినప్పుడు, చెల్లెలి ఎడంచేతికి వీలుగా ఉంటుందని, పనిబల్ల అవతలి కొసన ఇనుపముక్కల్ని కరిచి పట్టుకునే వైస్ ఒకటి తిరగేసి బిగించి పెట్టినవాడూ ఆయనే. ఆ వైస్ దగ్గర ఇంకెవరు నిలబడినా మోచెయ్యి గోడకి కొట్టుకుంటుంది.

మర్నాడు పొద్దున ఆవిడ వెళ్లేసరికి వదిన గేటు లోపల నిలబడి కేకలు పెడుతోంది. గేటు గడియ ఏనాడో విరిగింది. లోకంలోని బళ్లన్నీ బాగుచేసే ఇంట్లో గడియ బాగుచేసే దిక్కు లేదు. రోజూ సాయంత్రం పోతూ పోతూ ఆకురాయమ్మే గేటును తీగతో కట్టి పోతుంది. షెడ్డు వెనకే ఉంటారు అన్నావదినలు.

"వచ్చావా తల్లీ! విప్పు ముందు. నువ్వు మెలిపెట్టిన తీగ విప్పాలంటే మనిషి అద్దంలోకి దూరి నిలబడాలి. లోకమంతా ఒకవైపు తిప్పితే నువ్వు రెండోవైపు."

"లోకాన్నే మార్చుకోమను వదినా" అంటూ ఆవిడ తీగ విప్పింది. రోజూ ఉండే భాగోతమే. అయితే ఈరోజు వదిన అక్కడితో వదిలిపెట్టింది. "మీ ఆయన నిద్రపోయాడా?" అని మెల్లగా అడిగింది.

"పోలేదు."

"మీ అన్నయ్యా పోలేదు. రాత్రంతా అటూ ఇటూ దొర్లాడు."

ఆ మాటకి ఆకురాయమ్మ కళ్లు చెమర్చాయి. తోడబుట్టినవాడంటే అదీ మరి, అనుకుంది.

మేస్త్రి అప్పటికే వ్యాను ముందుభాగం జాకీ మీద లేపి, ఎడమ చక్రపు ఇరుసు ముక్క విప్పి తెచ్చి ఆవిడ వైస్‌లో బిగించి ఉంచాడు. మూరెడు ఇనుము. దాని కొసన నట్టు ఎక్కే మరలు. చక్రం నడిమి నట్టు ఆ మరల మీదే నిలబడుతుంది, నట్టు మీద చక్రం నిలబడుతుంది, చక్రం మీద మనుషులు. రోడ్డుకి రాసుకుపోయిన పక్కన మరలన్నీ నలిగి చదునైపోయాయి. రెండో పక్కన మాత్రం ఆనవాళ్లు మిగిలాయి.

"అమ్మాయ్, అధికారి రేపు వస్తాడు. ఈ లోపల మరలన్నీ శుభ్రంగా తీసి పెట్టు. కొత్త నట్టు ఇదిగో, చేత్తో తిప్పితే గడగడా ఎక్కాలి. ఇంత అధ్వాన్నంగా ఉన్నవి చూశాడంటే బావే పాడుచేశాడంటాడు. బాగున్నాయనుకో, నట్టుకి అడ్డం పెట్టే పిన్ను విరిగి నట్టు జారింది, దానికెవరేం చేస్తారు, అని మనం చెప్పుకోవచ్చు."

"ముట్టుకోవచ్చా అన్నయ్యా? ఆయన చూడాలన్నాడుగా?"

"బండిని కదపొద్దన్నాడు గానీ ముట్టుకోవద్దనలేదు. నీ మొగుడి మంచికే చెబుతున్నాను. కానియ్యి, కానియ్యి."

ఇరుసును ఆయన తుడిచి కూడా తెచ్చాడు. పైపై గ్రీజు పోయి ఇనుము మెరుస్తోంది. పని ఇచ్చేవాడు తుడిచి ఇవ్వడమన్నది ఆ షెడ్డులో కనీవినీ ఎరగరు. పాపం, బావ మీద ఎంత ప్రేమో అనుకుంది ఆకురాయమ్మ. పైట నడుముకి దోపి, ముక్కోణపు ఆకురాయి అందుకుంది.

చెడిన మరలను బాగుచెయ్యడమంటే కొత్తవి పుట్టించడం కాదు. చెడనిచోట మొదలుపెట్టి చెడినచోటికి రావాలి. లోపలి కొసన, నట్టు ఎప్పుడూ కప్పి ఉంచే చోట, రెండు మూడు చుట్లు ఎంత పాత ఇరుసుకైనా బాగానే ఉంటాయి. ఆకురాయి అంచును ఆ గాడిలో ఆనించి, గాడి ఎటు తీసుకుపోతే అటు పోవాలి. చెయ్యి తొందరపడిందా, ఇనుము మీద కొత్త దారి పడుతుంది, ఆ ఇరుసు ఇక పాత ఇనుములోకే. ఒక్కో రాకుకి ముందు ఊపిరి బిగబట్టాలి, తర్వాత వదలాలి. రాకినప్పుడల్లా రాలిన పొడిని కుంచెతో దులపాలి. ఆవిడ రెండో పక్కన మిగిలిన ఆనవాళ్ల దగ్గర మొదలుపెట్టి, రోడ్డు కొట్టిన పక్కకి వస్తూ మధ్యాహ్నందాకా తల ఎత్తలేదు. వదిన తెచ్చిపెట్టిన టీ గ్లాసులోనే చల్లారిపోయింది.

మొత్తం మీద బయటి చుట్లు ఒక రూపానికి వచ్చాయి. కొత్త నట్టు తెచ్చి ఎక్కిస్తే సగందాకా హాయిగా ఎక్కి, అక్కడ మొరాయించింది. ఇనుము అడ్డుపడితే నట్టు టక్కుమని ఆగుతుంది. ఇది అలా ఆగలేదు, మెత్తగా బిగుసుకుంది. అన్నంలో వేలు పెట్టినట్టు ఉంది. ఆవిడకి ఆ తేడా నచ్చలేదు. నట్టు వెనక్కి తీసేసి, ఆ లోపలి గాడిలో ఆకురాయి ఆనించి ఒక రాకు రాకింది.

చప్పుడు మారింది. ఇనుము మీద పళ్లు పట్టినప్పుడు వచ్చే కిర్రుమనే చప్పుడు లేదు. ఆకురాయి జారిపోయింది. తిప్పి చూస్తే దాని పళ్లనిండా ఎర్రటి పొడి ఇరుక్కుని ఉంది.

తుప్పు కాదు. తుప్పయితే రాలిపోతుంది. ఆవిడ ఆకురాయిని గుమ్మం దగ్గరికి, వెలుతురులోకి తీసుకుపోయి చూసింది. రాగి!

ఇరుసులో రాగేమిటి? వెనక్కొచ్చి, పిన్నీసు తీసి గాడిలో గుచ్చి కెలికింది. గట్టిపడిన నల్లటి గ్రీజు పెళ్లలుగా లేచింది, దాని కింద ఎర్రగా ఒక కొస కనబడింది. కొస పట్టి లాగితే, గాడి చుట్టూ తిరిగి తిరిగి, జానెడు తీగ బయటికొచ్చింది. సన్నతీగ రెండు పోగులు కలిపి మెలిపెట్టింది. నట్టు నొక్కి నొక్కి అక్కడక్కడా రేకులా అణిగిపోయింది గానీ, కొస దగ్గర మెలిక మెలికలాగే ఉంది.

ఆవిడకి చేతిలో పిన్నీసు ఉన్నట్టు కూడా తెలియలేదు, గుచ్చుకుని రక్తం వచ్చేదాకా.

చిన్నప్పుడు చెక్కబండి చక్రం వదులైతే, మేకుకి తీగ చుట్టి బిగించేవాడు అన్నయ్య. "రాగి మెత్తన, ఎక్కడ పెడితే అక్కడ ఇముడుతుంది" అనేవాడు. చెక్కబండికి సరే. మనుషులు ఎక్కే బండికా? అరిగిపోయిన మరల్లో తీగ చుట్టి నట్టు ఎక్కిస్తే, ఆ నట్టు ఆ పూటకి ఉడుంపట్టు పట్టినట్టే ఉంటుంది. బండి కదిలి ఇరుసు వేడెక్కాక ఆ రాగి నలిగి నలిగి ఎన్నాళ్లుంటుంది? తల తిప్పి గోడవైపు చూసింది. కాలిపోయిన మోటార్లలోంచి తీసిన రాగితీగల కట్ట ఎప్పటిలాగే మేకుకి వేలాడుతోంది.

మేస్త్రి ఒక లారీ కింద వెల్లకిలా పడుకుని గ్రీజు ఎక్కిస్తున్నాడు. ఆవిడ వెళ్లి ఆయన తల దగ్గర గొంతుక్కూర్చుని అరచెయ్యి చాపింది.

"అన్నయ్యా, ఇదేమిటి?"

ఆయన చూశాడు. చూసి, ఆలోచించకుండా అనేశాడు: "అంతా తీసేశాననుకున్నానే!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆవిడ ఇంకా ఎవరినీ ఏమీ అననేలేదు. ఎవరో పనివాడు చేశాడనీ, తనకి తెలియదనీ అంటాడేమోనని ఎంత ఆశపడిందో ఆ మాట విన్నాకే ఆవిడకి తెలిసింది.

మేస్త్రి లారీ కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూనే ఉన్నాడు, ఎంతకీ తుడవడం అవలేదు.

"ఒక ఆదివారం నువ్వు లేవు. యజమానే బండి తోలుకొచ్చాడు. మరలు అరిగిపోయాయి, ఇరుసు మార్చాలన్నాను. కొత్తది రావడానికి నాలుగు రోజులు పడుతుంది, సోమవారం షిఫ్టుకి బండి లేకపోతే మిల్లువాడు వేరేవాళ్లకి ఇచ్చేస్తాడని కాళ్లావేళ్లా పడ్డాడు. నాలుగు రోజులకని కట్టానమ్మా. గురువారం తీసుకురమ్మన్నాను. తీసుకురాలేదు. నేనూ పనుల్లో పడి మరిచిపోయాను."

"ఆయనకి తెలుసా?"

"బావకా? తెలీదు."

"మరి యజమాని ఆయన మీద చెబుతుంటే నువ్వు వింటూ ఊరుకున్నావా? నా చేత్తోనే దీన్ని రాకించేద్దామనుకున్నావా?" ఆవిడ తీగను ఆయన కళ్ల ముందుకి చాపింది. "నా మొగుడు తప్పు చెయ్యలేదని చెప్పేది ఇదొక్కటేగా అన్నయ్యా. దీన్ని నా చేత్తో నేనే పొడి చేసి ఊదేసేదాన్నిగా!"

మేస్త్రి నేలకేసి చూశాడు. చెయ్యెత్తి ఆవిడ తలమీద పెట్టాడు. గ్రీజు వాసన.

"బుద్ధి గడ్డితింది. ఒప్పుకుంటాను. రేపు అధికారి వస్తాడుగా, నేనే చెబుతాను. నా నోటితో నేను చెబితేనే మర్యాద. అందాకా బావకీ, మీ వదినకీ చెప్పకు. ఏదీ, అది ఇలా ఇయ్యి."

ఆవిడ పిడికిలి మూసుకుంది.

"ఇది నా దగ్గరుండనీ" అంది. అన్నయ్య అడిగింది ఇవ్వకపోవడం ఆవిడకి అదే మొదలు. ఖాళీ బేరింగు డబ్బా మూతలో తీగ పెట్టి, పైన గుడ్డ కప్పి, ఇరుసును ఎక్కడిది అక్కడే వదిలేసింది.

సాయంత్రం డ్రైవరు ఆసుపత్రికి వెళ్లొచ్చాడు. పాలతని కాలికి తొడదాకా కట్టు వేశారట. "నన్ను చూసి తిడతాడనుకున్నాను. 'నా సైకిలు ఎవరు తీశారన్నా?' అని అడిగాడు. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది" అన్నాడు. తర్వాత గోడకి ఆనుకుని, రేపు అధికారితో ఎలా మాట్లాడాలో చెప్పుకోవడం మొదలుపెట్టాడు. 'అయ్యా' అని మొదలుపెట్టాలా, 'సార్' అనాలా? చేతులు కట్టుకుంటే తప్పు చేసినవాడిలా ఉంటుందేమో. కట్టుకోకపోతే పొగరనుకుంటాడేమో.

ఆకురాయమ్మకి మాట గొంతుదాకా వచ్చింది. "మీ తప్పేమీ లేదని రేపు తేలుతుంది, చూడండి" అని మాత్రం అంది.

"ఎలా తేలుతుంది?"

"అన్నయ్య ఉన్నాడుగా. చూసుకుంటాడు."

"అవునే, మా బావ ఉన్నాడు" అన్నాడు డ్రైవరు. వాళ్లిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఆ మాట అన్నాక అతని పిడికిళ్లు కాస్త వదులయ్యాయి, కంచం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిన్నాడు. ఆవిడ తినలేకపోయింది.

అధికారి చెప్పిన వేళకే వచ్చాడు. వెనకే యజమాని. సన్నగా, కళ్లద్దాలు పదేపదే తుడుచుకునే మనిషి అధికారి. అరవడు, ఊరికే అడుగుతాడు. వైస్ ముందు నిలబడి ఇరుసు కేసి చూశాడు. సగం మరలు తళతళలాడుతున్నాయి, సగం నల్లగా ఉన్నాయి.

"దీని మీద ఎవరు చెయ్యి వేశారు?"

"నేనేనండి" అంది ఆకురాయమ్మ. "పూర్తి చెయ్యలేదు. గాడిలో ఇది దొరికితే ఆపేశాను." గుడ్డ తీసి డబ్బా మూత ఆయన ముందు బల్ల మీద పెట్టింది. పెట్టి, అన్నయ్య వైపు చూసింది. ఇక చెప్పు, అన్నట్టు.

అధికారి తీగను రెండు వేళ్లతో ఎత్తి వెలుతురుకి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"మరల్లో తీగ చుట్టారన్నమాట. దీనికి చక్రం ఊడక ఇంకేం చేస్తుంది?" అన్నాడు. "ఎవరి పని ఇది?"

డ్రైవరు నోరు తెరిచి తీగనీ, భార్యనీ మార్చి మార్చి చూస్తున్నాడు. యజమాని తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఆకురాయమ్మ ఊపిరి బిగబట్టింది, రాకుకి ముందు బిగబట్టినట్టే.

"మరల పనంతా మా చెల్లెలిదేనండి" అన్నాడు మేస్త్రి.

తడబడకుండా, మెత్తగా అన్నాడు. "ఈ షెడ్డులో ఆకురాయి పట్టేది ఆవిడొక్కతే. ఎవర్నడిగినా చెబుతారు, పేరే ఆకురాయమ్మ. మొగుడి బండి కదా, ఎలాగోలా నడిపిద్దామని కట్టేసి ఉంటుంది. తెలియక చేసిందండి. ఆడమనిషి, మీరే పెద్ద మనసు చేసుకోవాలి."

"అంతే అయ్యుంటుందండి" అన్నాడు యజమాని, చెప్పుల మీదనుంచి చూపు తియ్యకుండానే.

ఆకురాయమ్మ తను విన్నది అదేనా అని మళ్లీ వినబోయింది; అదే. కంచే చేను మేసిందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేది, తన ఇంట్లో కాదులే అని. ఎదురుగా అన్నయ్య పెదవులు ఇంకా కదులుతున్నాయి, ఏదో మంచిమాటే చెబుతున్నట్టు ఉంది మొహం. నేను కాదు అనాలి. రెండే ముక్కలు. నాలుక అంగిటికి అతుక్కుపోయింది.

అంతకన్నా ఘోరం ఇంకొకటి జరిగింది. ఆవిడ మొగుడి వైపు తిరిగింది, ఆయనైనా ఏదో అంటాడని. డ్రైవరు ఆవిడ కేసే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. నువ్వా, అని అడుగుతోంది ఆ చూపు. నిన్న సాయంత్రం నుంచీ నీ నోరు ఎందుకు మూతపడిందో ఇప్పుడు తెలిసింది, అంటోంది.

ఉన్నట్టుండి గ్లాసులు ఖంగుమన్నాయి. ఎప్పుడొచ్చిందో, టీ గ్లాసుల పళ్లెంతో వదిన గుమ్మంలో నిలబడి ఉంది. పళ్లెం బల్ల మీద పెట్టింది, సగం టీ ఒలికింది.

"ఆ తీగ ఒకసారి ఇటిస్తారా?"

"మీరెవరు?" అన్నాడు అధికారి.

"మేస్త్రి భార్యనండి."

తీగను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. వేలితో కొస దగ్గర ఒకసారి తడిమింది. ఆవిడ మొహంలో రంగు పోయింది. అది మిగిలినవాళ్లు గమనించారో లేదో, ఆకురాయమ్మ మాత్రం గమనించింది. వదిన తీగను జాగ్రత్తగా మూతలో పెట్టి, గోడ దగ్గరికి వెళ్లి, మేకుకున్న కట్టలోంచి రెండు పోగులు తుంచుకొచ్చింది.

"నువ్వు లోపలికి పో" అన్నాడు మేస్త్రి.

వదిన ఆయన వైపు చూడలేదు. పోగులు రెండూ ఆకురాయమ్మ చేతిలో పెట్టింది. "మెలిపెట్టు" అంది.

ఆకురాయమ్మకి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమైన మరుక్షణం తల ఎత్తితే, అన్నయ్య కళ్లు. బడిలో బెత్తానికి అడ్డం పడిన మనిషి ఇప్పుడు కళ్లతోనే బతిమాలుతున్నాడు. అమ్మాయ్, నేను అయిపోతాను. షెడ్డు అయిపోతుంది. నీకైతే చివాట్లతో పోతుంది, నాకు పోదు. ఆ తిరగేసి బిగించిన వైస్ ఆవిడ నడుముకి తగులుతూనే ఉంది. ఇన్నేళ్లూ మోచెయ్యి గోడకి కొట్టుకోకుండా పని చేసుకుంది అక్కడ.

పోగులు ఆవిడ ఎడంచేతిలోంచి కుడిచేతిలోకి మారాయి. తనే మార్చిందో, చేతులే మార్చుకున్నాయో ఆవిడకి తెలియదు. కుడిచేతి బొటనవేలు తీగ మీద వంకరగా, కొత్తగా ఆనింది.

వదిన ఆ చేతి మీద ఫట్‌మని ఒక్కటి కొట్టింది.

"రాసే చేత్తో కాదు. పని చేసే చేత్తో."

ఆకురాయమ్మ పోగులను ఎడంచేతిలోకి తీసుకుంది. బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే కదిలాయి. గట్టిగా నాలుగు తిప్పులు తిరిగాక వదిన దాన్ని లాక్కుని మూతలో పాత తీగ పక్కనే పెట్టింది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఒకదాని మెలికలు ఇటు వాలి ఉన్నాయి, ఇంకొకదానివి అటు.

"పదేళ్ల నుంచి ఈవిడ కట్టిన గేటు విప్పలేక చస్తున్నానండి" అంది వదిన అధికారితో. "కావాలంటే ఆ గేటుకున్న తీగ చూసుకోండి, ఈవిడ కట్టిన గోనెల మూతులు చూసుకోండి. ఈ మనిషి చేతిలో మెలికలన్నీ అటే పోతాయి. ఇది ఈవిడది కాదు." పాత తీగ కొస మీద వేలు పెట్టింది. "మెలిక కొసను లోపలికి మడిచి నొక్కే అలవాటు మా ఇంట్లో ఇంకొకరికి ఉంది. నా కుట్టుమిషనుకి కట్టిన తీగా అలాగే ఉంటుంది, మా మంచం పట్టెకి చుట్టిందీ అలాగే ఉంటుంది."

అధికారి కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. మేస్త్రి వైపు తిరిగాడు.

మేస్త్రి అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డాడు. భార్య వైపు చూశాడు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు. "నేనే కట్టాను" అన్నాడు. ఆదివారం సంగతి, యజమాని కాళ్లావేళ్లా పడ్డ సంగతి, గురువారం సంగతి అన్నీ చెప్పుకొచ్చాడు. యజమాని ఫోను వచ్చిందంటూ బయటికి నడవబోయాడు. ఫోను మోగలేదు. "మీరిక్కడే ఉండండి" అన్నాడు అధికారి, అరవకుండానే.

ఆయన ఇరుసునూ, తీగలు రెంటినీ పట్టుకుపోయాడు. షెడ్డు తెరవొద్దన్నాడు. పోయేముందు సంచిలోంచి లైసెన్సు తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు. డ్రైవరు దాన్ని పట్టుకుని నిలబడ్డాడే గానీ జేబులో పెట్టుకోలేదు.

దారిలో చాలాదూరం వచ్చాక అన్నాడు: "ఒక్క క్షణమే. ఒక్క క్షణం అనుకున్నాను, అంతే."

"చూశాను" అంది ఆకురాయమ్మ.



మర్నాడు పొద్దున పని లేకపోయినా కాళ్లు షెడ్డుకే తీసుకుపోయాయి. గేటు మూసే ఉంది. ముందురోజు సాయంత్రం అంత జరిగాక కూడా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి కాబోలు, తీగ ఎప్పటిలాగే కట్టి ఉంది. లోపల జాకీ మీద వ్యాను ఒక కాలు లేనట్టు నిలబడి ఉంది. వదిన గేటు దగ్గరికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఇవాళ కేకలు లేవు. చెయ్యి చాపి, చూడకుండానే, తీగ కొసను రెండు వేళ్లతో పట్టుకుని అటుపక్కకి గిర్రున తిప్పింది. మెలిక ఊడి చేతిలోకి వచ్చింది.

ఆకురాయమ్మ తెల్లబోయి చూసింది.

"నీకు విప్పడం వచ్చా వదినా?"

"పదేళ్లు చూశాక రాకుండా ఎలా ఉంటుంది?"

"మరి రోజూ ఆ గోలంతా?"

వదిన తీగను వేళ్లకి చుట్టుకుంది, విప్పింది. "నువ్వు బల్ల దగ్గరికి పోయావంటే సాయంత్రందాకా తల ఎత్తవు. లోపల ఆయన సంగతి నీకు తెలిసిందే, నోట్లో మేకులు పెట్టుకున్నట్టు మాటా పలుకూ లేకుండా తిరుగుతాడు. గేటు దగ్గరైతే కాసేపు నిలబడి తిట్టుకోవచ్చు కదా అని."

ఆకురాయమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. అన్నయ్య ఆ మాట అన్నప్పుడు రాని ఏడుపు, మొగుడు అలా చూసినప్పుడు రాని ఏడుపు ఇప్పుడు, ఈ విరిగిన గడియ ముందు వచ్చింది. వదిన అది తగ్గేదాకా గేటు పట్టుకుని నిలబడింది.

"లేచి నీ వైస్ దగ్గర కూర్చున్నాడు" అంది చివరికి. "నువ్వొస్తావేమో చూడమన్నాడు. వస్తావా?"

ఆకురాయమ్మ గేటు అవతల పనిబల్ల వైపు చూసింది. చీకట్లో ఒక వీపు కనబడింది.

"ఇవాళ రాలేను వదినా. నువ్వే బయటికి రా. టీ మా ఇంట్లో తాగుదువుగాని."

వదిన ఒకసారి వెనక్కి చూసింది. బయటికొచ్చి, గేటు దగ్గరికి లాగి, తీగతో మళ్లీ కట్టింది. ఆకురాయమ్మ కట్టినట్టే, మెలికలన్నీ అటుపక్కకే వాలేలా కట్టింది.

"లోపలున్నాయన విప్పుకోవడం నేర్చుకుంటాడులే" అంది. "పద."